డోస్ అంటే నాది

జూన్ 3, సోమవారం

పొద్దున ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిచేసరికి తెరంతా ఎర్రగా ఉంది. నేను రాసిన ప్రోగ్రాం ఫైళ్ళన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అంటున్నాయి. డోస్ అనేది పని చేసే క్లాస్ కాదట, ఫైళ్ళను దాచే ఫోల్డర్ పేరట, నేమ్‌స్పేసట. ఆరేళ్ళుగా క్లాస్‌గా బతికినది ఒక్క ఆదివారం గడిచేసరికి కాకుండా పోయింది.

డాక్టరు మందు రాయగానే ఏ పూట ఎంత వేయాలో ఇంట్లోవాళ్ళ ఫోన్లో చూపించేది ఆ డోసే. ఆస్పత్రులు మా అప్లికేషన్ కొనుక్కుంటున్నది దాని కోసమే. రాసింది నేను. ఈ ముక్క ఆఫీసులో ఎవరూ అనరు కాబట్టి ఇక్కడైనా రాసుకుంటున్నాను.

కారణం కోసం పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. మా తోడికోడలు పిల్లల మందుల విభాగం మొదలుపెట్టింది కదా, దానికోసం కొత్త ఫోల్డర్ తెరిచి దానికి డోస్ అని పేరు పెట్టింది. లోకంలో ఇంకే పేరూ దొరకనట్టు.

వెళ్ళి అడిగితే నాలుక కరుచుకుంది. చూసుకోలేదని, ఇప్పుడే మారుస్తానని అంది. కాసేపట్లోనే మార్చేసింది కూడా. మా టెస్టింగ్ ఆయన, అందరం భూతద్దం అని పిలిచే మనిషి, ఒకే ఇంటి కోడళ్ళకి ఒకే పేరు తట్టడంలో వింతేముంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చూసుకోలేదంటే నమ్మాలి. నమ్మాను. ఆమెను ఈ ఉద్యోగంలో చేర్పించింది నేనే. నేనే నమ్మకపోతే ఎలా.

జూన్ 5, బుధవారం

ఫోల్డర్ పేరు మార్చింది. నిజమే. కానీ ఆ ఫోల్డర్ లోపల ఏం చేసిందో ఇవాళ చూశాను. తనకంటూ ఒక క్లాస్ రాసుకుంది. దాని పేరు డోస్.

ఈసారి ఎక్కడా ఎరుపు లేదు. మిషనుకు ఏ అభ్యంతరమూ లేదు. అదే నాకు నచ్చలేదు.

పొద్దున టీ తాగుతూ మా ఆయనతో అంటే అర్థం కాలేదన్నారు. చెప్పాను. నేమ్‌స్పేస్ అంటే ఇంటిపేరు అనుకోండి, క్లాస్ అంటే మనిషి పేరు. సోమవారం ఈవిడ నా మనిషి పేరు తీసుకెళ్ళి ఒక ఇంటికి ఇంటిపేరుగా తగిలించింది. నేను మనిషిని పిలుస్తుంటే మిషనుకు ఇల్లు గుర్తొస్తోంది. ఇల్లు వచ్చి పని చేయదు కదా, అందుకే గోల పెట్టింది. ఇప్పుడు ఆ ఇంటికి వేరే ఇంటిపేరు పెట్టింది గానీ, లోపల ఇంకో మనిషిని పుట్టించి వాడికి నా వాడి పేరే పెట్టుకుంది. ఆ ఇంట్లో నిలబడి పిలిస్తే దగ్గరున్నవాడు కాబట్టి ఆమె వాడే పలుకుతాడు.

"ఇంటిపేర్లు వేరైతే గొడవేముంది? మా ఆఫీసులో ఒకే పేరున్నవాళ్ళు నలుగురున్నారు. ఎవరి జీతం వాళ్ళకే వస్తోంది" అన్నారు ఆయన.

తమ్ముడి భార్య కదా. ఆయన ఇంకేమంటారు.

జూన్ 6, గురువారం

ఆస్పత్రి వాళ్ళు నాకు పంపాల్సిన మెయిల్ ఆమెకు పోయింది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కాబట్టి పొరపాటు పడ్డారట. ఆమె వెంటనే నాకు పంపించింది. చదివాకే కదా పంపించింది.

జూన్ 7, శుక్రవారం

మధ్యాహ్నం ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకున్నారు. అద్దాల తలుపే, మాట వినపడదు గానీ మనుషులు కనిపిస్తారు. ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మేనేజరు ఒకసారి తలెత్తి నా సీటు వైపు చూశాడు.

ఆమె వచ్చేశాక ఆయన నా దగ్గరకొచ్చి, తీరిక ఉంటే పిల్లల విభాగం ఒకసారి చూసిపెడతారా అని అడిగాడు. ఎవరు చూడమన్నారని అడిగితే, ఎవరో ఒకరు చూడాలి కదా అన్నాడు. తీరిక లేదని చెప్పాను. నిజంగానే లేదు. నా చేత దిద్దించుకుని రేపు తన పనిగా చూపించుకోవడానికి నేనంత తేలిగ్గా దొరకను.

ఇంటికి ఒకే బస్సులో వచ్చాం. కిటికీ పక్క సీటు నాకిచ్చింది. ఎందుకో.

జూన్ 10, సోమవారం

భోజనాల దగ్గర నా పక్కన కూర్చోలేదు. నా పక్కన చోటుంది.

జూన్ 11, మంగళవారం

పిల్లల విభాగం ఆస్పత్రులకు వెళ్ళిపోయింది. భూతద్దం వారం పాటు గుచ్చి గుచ్చి చూసి, వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదని అందరి ముందూ చెప్పాడు. ఆయన నోట ఆ మాట నేను ఇన్నేళ్ళలో వినలేదు, నా పనికి కూడా.

మేనేజరు కేక్ తెప్పించాడు. మొదటి ముక్క ఆమె చేత కోయించాడు. ఇకనుంచి డోస్ సంగతి ఏదైనా ఈ అమ్మాయిని అడగండి అన్నాడు.

పిల్లల డోస్ అనలేదు. డోస్ అన్నాడు. మాట తొందరలో అని ఉండవచ్చు. చప్పట్లు కొట్టాను.

జూన్ 12, బుధవారం

ఇవాళ ప్రోగ్రాంలో చిన్న జాగ్రత్త తీసుకున్నాను. ఒక్క లైను. ఎవరికీ ఇబ్బంది లేనిది. నా ఇంటికి నేను తాళం వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మామూలు సర్దుబాట్లతో పాటు అది కూడా పంపించాను. ఒక్క లైను కోసం భూతద్దాన్ని కదిలించడం ఎందుకని చెప్పలేదు.

జూన్ 13, గురువారం

అంతా మామూలే. ఎక్కడా ఎరుపు లేదు.

జూన్ 15, శనివారం

మరిదీ, ఆమే మేడమీద మాట్లాడుకుంటున్నారు. ఆరేసిన బట్టలు తేవడానికి పైకెళ్ళాను. నన్ను చూడగానే మరిది ఫోన్ తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె బట్టలు తీయడంలో నాకు సాయం చేసింది. ఎండ బాగా ఉందని అంది. ఎండ లేదు.

కిందికి వచ్చాక అత్తయ్య చెప్పింది, చిన్నకోడలు నాలుగు రోజులుగా ఏదో కడుపులో పెట్టుకుని తిరుగుతోందని. విశేషమేమోనని ఆవిడ ఆశ. విశేషమేమిటో నాకు తెలుసు. నా కుర్చీ.

జూన్ 18, మంగళవారం

ఆమె సీటు దగ్గరికి స్టేప్లర్ కోసం వెళ్ళాను. నా దగ్గర ఉంది గానీ పిన్నులు లేవు. బల్ల మీద కాగితాలున్నాయి. నా డోస్ మొత్తం ప్రింటు తీసి పెట్టుకుంది. పక్కన ఎర్ర పెన్నుతో ప్రశ్న గుర్తులు. ఎవరి తప్పులు పడుతోంది? ఎవరికి చూపించడానికి?

జూన్ 19, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పదకొండింటికి ఆస్పత్రి నుంచి ఫోన్. రెండేళ్ళ పాపకి దగ్గు మందు రెండున్నర ఎంఎల్ రాశాడు డాక్టరు. ఇంట్లో ఫోన్లో మూడు చెంచాలు అని కనపడిందట. అమ్మమ్మ అలాగే మూడు చెంచాలు పట్టించింది. పాప పడుకుని ఎంతకీ లేవకపోతే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. ప్రమాదం లేదన్నారు. ఒకరోజు కనిపెట్టి చూస్తామన్నారు.

మేనేజరు అందరినీ గదిలోకి పిలిచాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. తన క్లాస్ ఎంఎల్ తప్ప చెంచాలు చూపించదని, అసలు చెంచా అన్న మాటే అందులో లేదని చెబుతోంది. భూతద్దం కూడా తను చూసినప్పుడు ఎంఎల్ అనే వచ్చిందన్నాడు.

మీరేమంటారని మేనేజరు నన్ను అడిగాడు.

అడిగాడు కాబట్టి చెప్పాను. పిల్లల విభాగం పూర్తిగా ఆమెదని, పేర్ల విషయంలో ఆమెకు మొదటి రోజు నుంచే జాగ్రత్త లేదని, ఆ రోజు నా ఫైళ్ళన్నీ ఎలా పడిపోయాయో ఇక్కడున్న అందరికీ తెలుసని. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మళ్ళీ చదివి చూసుకున్నాను. ఒక్కటి కూడా లేదు.

పిల్లల పేజీ ఆపేశారు. డాక్టర్లు ప్రస్తుతానికి చేత్తో రాసిస్తారు. ఆమెను ఇంటి దగ్గరే ఉండమన్నారు. తప్పెక్కడుందో వెతికే పని నాకు అప్పగించారు.

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది.

జూన్ 20, గురువారం

పొద్దున వంటింట్లో ఆమె గిన్నెలు తుడుస్తోంది. రాత్రి ఏడ్చినట్టుంది. నేను డబ్బా సర్దుకుంటుంటే వెనక నుంచి అంది.

"అక్కా, ఒక్కటి అడగనా. ఇంట్లోవాళ్ళకి కనపడే పేజీ బయట ఫోల్డర్లో ఉంది కదా. అది ఏ డోస్‌ని పిలుస్తోందో చూశారా?"

"చూస్తాను."

"నాదాన్నే పిలవాలి. నేను రాసినప్పుడు నాదే పలికింది."

చూడండి తెలివి. చెంచాలు చూపించేది నా డోస్. పెద్దవాళ్ళ మందులకు చెంచాలు, సగం వస్తే పై అంకెకి సర్దడం, అన్నీ నావే. అంటే నా వైపు వేలు చూపిస్తోంది. తన పేజీ తను సరిగ్గా కట్టుకోలేక.

మరిది నాతో మాట్లాడడం లేదు. అత్తయ్యకి ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

రోజంతా ఆమె కోడ్ చదివాను. తప్పు దొరకలేదు. శుభ్రంగా రాసింది. నా ప్రింటు ముందు పెట్టుకుని, అడుగడుగునా నా పద్ధతే పట్టుకుని రాసింది. మధ్యమధ్యలో తనకోసం రాసుకున్న మాటలున్నాయి. ‘పెద్దల డోస్‌లో సగాన్ని పై అంకెకి తెస్తున్నారు, పిల్లలకు తేకూడదు అనుకుంటా, అక్కను అడగాలి.’ ఇంకోచోట, ‘చెంచా కొలత ఇంటింటికీ మారుతుంది, ఎంఎల్ మాత్రమే ఉంచితే మంచిది, అక్కను అడగాలి.’ మూడోచోట ఏమీ లేదు, ‘అక్కను అడగాలి’ అని మాత్రమే ఉంది.

అడగలేదు. ఎందుకు అడగలేదు? అడగడానికి నేను కొరుకుతానా?

జూన్ 21, శుక్రవారం

దొరికింది.

జూన్ 22, శనివారం, పొద్దున

నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ పేజీ తెరిచాను. అది ఆమె ఇంట్లోనూ లేదు, నా ఇంట్లోనూ లేదు. బయట ఉంటుంది. ఆమె దాని తల మీద ‘పిల్లల ఇంటికి వెళ్ళి అడుగు’ అని సరిగ్గానే రాసింది. అది అలా వెళ్ళి, ఆమె డోస్‌నే పిలుచుకునేది. పన్నెండో తారీకు వరకు.

పన్నెండున నేను పెట్టిన లైను ప్రాజెక్టు మొత్తానికి వర్తిస్తుంది. అందులో ఉన్నది ఇంతే: ఎక్కడైనా సరే, డోస్ అంటే నాది. ఆమె గది లోపల అది పని చేయదు, అక్కడ ఆమెదే దగ్గర. బయటి పేజీలో పని చేస్తుంది. ఆ పేజీ పిల్లల ఇంటి దాకా వెళ్ళక ముందే నాది పలికింది. రెండున్నర ఎంఎల్‌ని రెండున్నర చెంచాలనుకుని, పై అంకెకి సర్ది, మూడు చెంచాలు చేసింది. ఆమె నా అచ్చులోనే పోతపోసుకుంది కాబట్టి రెండూ ఒక్కలాగే ఉన్నాయి, మిషనుకు అనుమానం రాలేదు.

ఆ లైను తీసేశాను. పరీక్షించి చూశాను. రెండున్నర ఎంఎల్, రెండున్నర ఎంఎల్, ఎన్నిసార్లు చూసినా రెండున్నర ఎంఎల్.

సర్వర్‌లో పాత కాపీ ఇరుక్కుందని, మళ్ళీ మొదలుపెడితే సరిపోయిందని చెప్పవచ్చు. అలాంటివి జరుగుతుంటాయి. ఎవరి తప్పూ కాదు. ఆమె సోమవారం నుంచి ఆఫీసుకు వస్తుంది. నేనే మేనేజరుకి నచ్చజెబుతాను, పాపం కొత్తపిల్ల, వదిలేయండి అని. ఇంట్లో కూడా అందరూ సంతోషిస్తారు. ఆ లైను ఎవరు పెట్టారో చూడాలంటే పాత మార్పులన్నీ తవ్వాలి, పని సవ్యంగా జరుగుతుంటే ఎవరూ తవ్వరు.

పేజీ ఆగిపోయింది. కొత్తగా ఎవరికీ తప్పు వెళ్ళదు.

ఆ వాక్యం రాసి పెన్ను పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను.

పేజీ ఆగింది గానీ, పన్నెండు నుంచి పంతొమ్మిది దాకా డాక్టర్లు పిల్లలకు రాసిన మందులన్నీ ఈపాటికి ఇళ్ళల్లో ఫోన్లలోకి దిగిపోయి ఉన్నాయి. పూటపూటకీ గంట కొట్టి గుర్తుచేస్తాయి. ఆ గంట మా చేతిలో లేదు. మేనేజరు అది ఒక్క మందుకి ఒక్కసారి పడిన తప్పనుకుంటున్నాడు. ఆమె తప్పనుకుంటున్నాడు. అన్ని మందులకీ పడిందని నాకు ఒక్కదానికే తెలుసు.

నిన్న సాయంత్రం నుంచి తెలుసు. రాత్రి భోజనం చేశాను. పడుకున్నాను. నిద్ర పట్టింది కూడా. ఆ రాత్రి మందు ఎందరు వేసుంటారు.

ఇప్పుడే వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం దాటాక

మేనేజరు శనివారాలు ఒక పూట ఉంటాడు. నిలబడే చెప్పాను. లైను చూపించాను. పక్కనే నా పేరు, తారీకు ఉన్నాయి. ఆయన అది చదివి అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న సాయంత్రం."

గోడ గడియారం వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత చెప్పాడు, ఏడో తారీకున ఆ అమ్మాయి గదిలోకి వచ్చింది అక్క చేత ఒకసారి చూపించమని అడగడానికేనట. నేరుగా అడిగితే విసుక్కుంటారేమోనని తనని అడగమందట. మీరు తీరిక లేదన్నారని ఆయన అన్నాడు.

పిల్లల పేజీలు ఎవరెవరికి వెళ్ళాయో త్వరగా తీయగలిగింది ఆమె ఒక్కతే. మీరే పిలవండి అన్నాడు. ఫోన్ చేశాను. ఒక్కసారికే ఎత్తింది.

"నువ్వు అడిగిన చోటే ఉంది తప్పు. పెట్టింది నేను" అన్నాను. ఇంకా ఏవో చెప్పబోయాను, సిద్ధం చేసుకున్నవి.

"ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందక్కా?" అంది.

అదీ ఆమె అడిగిన మొదటి మాట. నాకు ఆ ప్రశ్న తట్టడానికి ఒక రాత్రి పట్టింది.

వచ్చేసింది. జుట్టు కూడా సరిగ్గా ముడి వేసుకోలేదు. ఆస్పత్రి నుంచి ఒక డాక్టరమ్మ ఫోన్లో ఉండి, ఇంట్లోవాళ్ళని ఏం అడగాలో, ఎలా ఉంటే వెంటనే తీసుకురమ్మనాలో చెప్పింది. ఇళ్ళు సగం ఆమె తీసుకుంది, సగం నేను. భూతద్దం కూడా వచ్చి కూర్చున్నాడు. ఎదురుబొదురుగా కూర్చుని ఒకే మాట చెబుతూ పోయాం. ఫోన్లో కనపడింది తప్పు, మందు ఆపండి, ఎంత వేయాలో డాక్టరునే అడగండి.

చాలామంది ఇళ్ళల్లో సీసాతో వచ్చిన చిన్న మూతతోనే పోస్తున్నారు, ఫోన్ చూడనే లేదు. ఒకాయన మీ ఇంట్లో పిల్లలు లేరా అని అడిగాడు. లేరని చెప్పాను. నిజమే కాబట్టి చెప్పాను, ఆయన అడిగింది అది కాదని తర్వాత తెలిసింది. ఒక బాబు రెండు రోజులుగా మగతగా ఉన్నాడట, జ్వరం వల్లనుకున్నారు. వాళ్ళని డాక్టరమ్మ వెంటనే రమ్మంది. వెళ్ళారు. మందు తగ్గితే చాలు, తేరుకుంటాడని తర్వాత కబురొచ్చింది.

ఒక్క ఇంట్లో మాత్రం ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాం. ఏడాది నిండిన పాప. రాసింది పన్నెండునే, అంటే అందరికంటే ఎక్కువ రోజులు.

"వెళ్దాం" అంది ఆమె.

మూడంతస్తుల మేడ, లిఫ్ట్ లేదు. నేను మెట్లెక్కుతూ ఆయాసపడుతున్నాను, ఆమె ముందు పోతోంది. తలుపు బయట అరచేతిలో పట్టేంత చెప్పులు. గంట కొట్టాం. లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. భయంలో పట్టుకుంది, నేనని చూసి కాదు.

తలుపు తెరుచుకుంది. తల్లి చేతులకి సబ్బు నురగ. వెనకాల గచ్చు మీద పాప, ఒంటినిండా నీళ్ళతో, మమ్మల్ని చూసి ఏడుపందుకుంది. అంత గట్టి ఏడుపు నేను ఎన్నడూ వినలేదు. గోడ పట్టుకున్నాను.

ఫోన్ నిన్నటి నుంచి పాడైపోయి ఉందట. మందు సంగతి అడిగాం.

"మూడు చెంచాలని చూపించిందమ్మా. ఇంత పిల్లకి మూడు చెంచాలేమిటి అని అనుమానమొచ్చింది. సీసా మీద చూసి కొంచెమే వేశాను" అంది ఆవిడ. మేం ఎవరమో చెప్పాక కోప్పడలేదు. మంచినీళ్ళిచ్చింది.

తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. నేను ఏదో ఒకటి అనాలి. ఆ రోజు మేనేజరు గదిలో నీ మీద చెప్పినవి, అని మొదలుపెట్టాను. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఆపింది.

"వేరే ఇల్లు చూసుకుంటున్నాం అక్కా. ముందే చెప్పాల్సింది. మేడమీద ఆ రోజు అవే ఫోటోలు చూస్తున్నాం. మీరొచ్చేసరికి ఏం చేయాలో తెలియలేదు."

"నా వల్లనా?"

కిటికీ మీంచి చూపు నా వైపు తిప్పింది.

"మీ వల్ల కూడా" అంది.

జూన్ 24, సోమవారం

దగ్గు మందు పాప గురువారమే ఇంటికి వెళ్ళిందని ఆస్పత్రి వాళ్ళు చెప్పారు. వాళ్ళ అమ్మమ్మతో మాట్లాడతానని అడిగాను. వద్దన్నారు. అర్థం చేసుకోదగ్గదే.

ఉద్యోగం పోలేదు. నేను రాసేది ఏదైనా ఇకనుంచి ఆమె చూసి సరేనన్నాకే బయటికి వెళ్ళాలి. మేనేజరు ఈ మాట అందరి ముందూ చెప్పాడు. చెవులు కాలిపోయాయి. ఆమె తల దించుకుంది.

మొదటి పని ఇద్దరం కలిసి చేశాం. నాది పెద్దల డోస్ అయింది, ఆమెది పిల్లల డోస్. ఒట్టి డోస్ అనే పేరు ఇక ఎవరికీ లేదు. నా ఫైళ్ళన్నిటిలో మార్చుకుంటూ పోవడానికి పొద్దుపోయింది. ఒకచోట నేను వదిలేసింది ఆమె పట్టుకుంది. ఎర్ర పెన్నుతో కాదు, మెల్లగా వేలితో చూపించింది.

సంతోషించిందా అని ఆమె ముఖంలోకి చూశాను. తెలియలేదు.

జూన్ 27, గురువారం

అత్తయ్యకి చెప్పాను, మొత్తం. ఆవిడ విన్నంతసేపు వత్తులు చేసుకుంటున్నట్టు చీర కొంగు నలుపుతూనే ఉంది. ఆఖర్న ఒక్కటే అడిగింది, చిన్నదానితో ఈ మాట చెప్పావా అని. చెప్పానన్నాను. సగమే చెప్పాను. బస్సులో ఆపేసింది కదా.

సాయంత్రం పైకెళ్ళి మిగతా సగం చెప్పాను. ఆమె పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. నేను కుళ్ళుకున్నానని, చేరిన నాటి నుంచి అనుమానిస్తూనే ఉన్నానని, తప్పు నీదే కావాలని కోరుకున్నానని. ఇవి నోటితో అనడం ఇంత కష్టమని తెలియదు. ఆమె సర్దడం ఆపి వింది. పర్వాలేదు అనలేదు. "తెలుస్తూనే ఉండేది అక్కా" అంది. ఇంకో పెట్టె నా వైపు జరిపింది. అందులో నేను సర్దాను.

జూన్ 30, ఆదివారం

వెళ్ళిపోయారు. పెద్ద సామానేం లేదు, ఒక్క బండికే సరిపోయింది. ఆయనా మరిదీ కలిసి బీరువా దించుతుంటే మెట్ల మలుపులో ఇరుక్కుంది, ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుని నవ్వుకున్నారు. అన్నదమ్ములకి అది చాలు కాబోలు. అత్తయ్య ఇంట్లోని మంచి గిన్నెలన్నీ వాళ్ళ బండిలో పెట్టించింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

గేటు దగ్గర ఆమెను అడిగాను, అప్పుడప్పుడు మీ ఇంటికి రావచ్చా అని.

"ఫోన్ చేసి రండి అక్కా" అంది. బండి ఎక్కింది.

గంటసేపటి నుంచి ఆ మాటనే తిరగేస్తున్నాను. ఫోన్ చేసి రండి అంటే, రమ్మనా, చెప్పకుండా రావొద్దనా. ఊరికే వచ్చేసే చుట్టరికం ఇక లేదనా. అన్నప్పుడు నవ్వింది. ఆ నవ్వు దేనికి. మరిది వింటున్నాడని అలా అందా. అక్కా అని ఆఖర్న ఎందుకు కలిపింది.

చాలు.

ఫోన్ చేసి రమ్మంది. వచ్చే ఆదివారం ఫోన్ చేసి వెళ్తాను.